పాఠం పిల్లకి, గరిటె ఇంకొకరి చేతిలో

"మన ఆడపిల్లలకు అవగాహన లేదండీ." రక్తహీనత మీద ఏ సదస్సు జరిగినా మైకు అందుకున్న మొదటి పెద్దమనిషి అనే మాట ఇదే. జిల్లా సమీక్షల్లో ఇదే, టీవీలో పొద్దుటిపూట వచ్చే డాక్టరుగారి కార్యక్రమంలో ఇదే, ఆదివారం అనుబంధంలో పోషకాహారం శీర్షికలోనూ ఇదే. అవగాహన లేదు గనక కల్పించాలి. కల్పించాలి గనక సెప్టెంబరు రాగానే పోషణ మాసం, ఊరేగింపు, వ్యాసరచన పోటీ, చార్టు మీద బీట్‌రూట్ బొమ్మ. బొమ్మ ఎంత ఎర్రగా ఉంటే బహుమతికి అంత దగ్గర.

వినీ వినీ అలవాటైపోయిన మాట కాబట్టి, ఇది నిజమేనా అని అడిగేవాళ్లు లేరు. నా మటుకు నాకు ఇది అబద్ధం. చెడ్డ ఉద్దేశంతో ఆడుతున్నారని అనను. కానీ దానివల్ల చెడిపోతున్నది ఆ పిల్లలే. ఒంట్లో రక్తం లేకపోవడం ఒక కష్టమైతే, నీకు తెలివి లేకే ఈ గతి పట్టిందన్న నింద మోయడం రెండో కష్టం.

ఏ ప్రభుత్వ హైస్కూలుకైనా వెళ్లి ఎనిమిదో తరగతి ఆడపిల్లల్ని అడగండి, ఇనుము దేంట్లో ఉంటుందని. మీరు ప్రశ్న పూర్తిచేసేలోపే పాటలా వస్తుంది జవాబు: తోటకూర, గోంగూర, మునగాకు, బెల్లం, నువ్వులు, గుడ్డు, లివర్. పుస్తకంలో ఉంది, గోడమీద ఉంది, ఏఎన్ఎం అమ్మ వచ్చినప్పుడల్లా చెప్పింది. పిల్లకి తెలుసు. తెలిసిన ఆ పిల్ల సాయంత్రం ఇంటికి వెళ్లి, ఇవాళ తోటకూర ఎందుకు వండలేదని నిలదీయగలదా? ఏం కొనాలో నాన్న జేబు తేలుస్తుంది. ఏం వండాలో నాయనమ్మ నోరు తేలుస్తుంది. గిన్నెలో ఎంత మిగలాలో తమ్ముడి ఆకలి తేలుస్తుంది. ఆదివారం అరకిలో కోడికూర వండితే అందులో లివర్ ముక్క ఒక్కటో రెండో. అది ఎవరి కంచంలో పడుతుందో మన ఇళ్లలో ఎవరూ చర్చించరు, అందరికీ ముందే తెలుసు గనక. వడ్డించే తల్లి తనకూ వేసుకోదు, కూతురికీ వేయదు. కూతురిపై ప్రేమ లేక కాదు. తనను పెంచిన ఇంట్లోనూ అలాగే జరిగింది.

ఆ కంచం దగ్గర ఓటు హక్కు కూడా లేని మనిషిని పట్టుకుని మనం ఆహార శాస్త్రం బోధిస్తున్నాం.

"పిల్లలు చిప్స్ ప్యాకెట్లు తింటున్నారు, సన్నబడాలని అన్నం మానేస్తున్నారు" అనేది రెండో ఆరోపణ. సన్నబడాలని మానేసేవాళ్లు పట్నాల్లో కొందరు ఉండొచ్చు. కానీ ఏడున్నర బస్సుకి ఊరు దాటి జూనియర్ కాలేజీకి వెళ్లే అమ్మాయిని చూడండి. నీళ్లు పట్టి, అంట్లు తోమి, ఓ గ్లాసు టీ గొంతులో పోసుకుని పరుగెడుతుంది. పదకొండింటికి కళ్లు తిరుగుతాయి. చేతిలో ఉన్న పది రూపాయల్లో ఐదు పెట్టి ఒక ప్యాకెట్ కొంటుంది. రోజు మొత్తంలో ఏం తినాలన్నది ఆమె తానై నిర్ణయించుకున్న ఒకే ఒక్క సందర్భం అది. సరిగ్గా ఆ ప్యాకెట్ మీదే పడతాయి ఉపన్యాసకుల కళ్లు. ఉదయం ఇంట్లో ఎందుకు తినలేదని అడిగినవాళ్లు లేరు. పదో తరగతి దాకా మధ్యాహ్న భోజనం పెట్టిన బడి వ్యవస్థ, పదకొండో ఏడు చదువుకి వచ్చేసరికి చేతులు దులుపుకోవడం మనకు ఏళ్ల తరబడి వింతగా అనిపించలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ జూనియర్ కాలేజీలకు 2025 జనవరిలో డొక్కా సీతమ్మ పేరుతో భోజనం మళ్లీ వచ్చింది. వంద అవగాహన సదస్సులు ఒకవైపు, ఆ ఒక్కపూట అన్నం ఒకవైపు పెట్టి తూచమంటే నేను అన్నం వైపే మొగ్గుతాను.

లెక్కలు కూడా ఒకసారి చూద్దాం. రక్తహీనత నివారణకు మాత్రలిచ్చే జాతీయ కార్యక్రమం 1970లోనే మొదలైంది. కౌమారంలో ఉన్నవాళ్లకు వారానికో నీలం మాత్ర పథకం 2013లో వచ్చింది. ఎనీమియా ముక్త్ భారత్ 2018లో వచ్చింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2015-16లో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 54.1 శాతం మందికి రక్తహీనత ఉంటే, 2019-21 నాటికి అది 59.1 శాతం అయింది. ఆంధ్రప్రదేశ్‌లో పదిమందిలో ఆరుగురు, తెలంగాణలో ఇంకాస్త ఎక్కువ. బోధన పెరిగినకొద్దీ జబ్బు తగ్గాలి కదా?

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయను. ఆ సర్వేలో వేలిమొనను గుచ్చి తీసిన చుక్కతో పరీక్ష చేశారు, అలా చేస్తే లెక్క ఎక్కువ చూపించే అవకాశం ఉందని మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలతో సహా చాలామంది వాదించారు. నరం నుంచి రక్తం తీసి చేసిన 2016-18 నాటి సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో 10 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో రక్తహీనత 40 శాతం అని తేలింది. మగపిల్లల్లో 18. సరే, నలభై అనే అనుకుందాం. తరగతిలో పదిమంది ఆడపిల్లలుంటే నలుగురు. ఒకే బడి, ఒకే పాఠం, ఒకే టీచరు, ఒకే మధ్యాహ్న భోజనం. అయినా అమ్మాయిల్లో జబ్బు అబ్బాయిల్లో కంటే రెట్టింపు. అవగాహన లోపమే కారణమైతే ఈ అబ్బాయిలకు అంత ఆరోగ్య జ్ఞానం ఎక్కడినుంచి వచ్చినట్టు? ఐరన్ పాఠంలో ఆడపిల్లల కంటే మగపిల్లలకు ఎక్కువ మార్కులు వస్తాయని ఏ సైన్సు మాస్టారూ చెప్పగా నేను వినలేదు. తేడా ఉన్నది నెలసరిలో, ఆ నెలసరికి తగ్గట్టు పెరగని కంచంలో.

డబ్బున్న ఇళ్లను చూపించి మరో వాదన చేస్తారు: అత్యంత సంపన్న వర్గంలోనూ దాదాపు సగం మంది ఆడవాళ్లకు రక్తహీనత ఉందే, కాబట్టి ఇది పేదరికం సమస్య కాదు, అజ్ఞానం సమస్య అని. ఈ వాదన తన కాళ్లను తానే నరుక్కుంటుంది. ఆ ఇళ్లలో చదువుంది, ఫోనుంది, ఫోనులో రోజుకో పోషకాహార వీడియో ఉంది. అవగాహనే మందయితే ముందు నయం కావలసింది వాళ్లకే. అన్నంలోకి పాలిష్ పట్టిన తెల్లబియ్యం, తిన్న వెంటనే కాఫీ, ఎంత రక్తం పోతున్నా ఆడవాళ్లకి ఇదంతా మామూలే అనే సర్దుబాటు ఆ ఇళ్లలోనూ ఉన్నాయి.

పోనీ చెప్పే పాఠమైనా సరైనదా? మన గోడల మీద రక్తహీనతకు గుర్తు బీట్‌రూట్, దానిమ్మ. ఎర్రనివి తింటే ఎర్రని రక్తం పడుతుందన్న లెక్క. వంద గ్రాముల బీట్‌రూట్‌లో ఇనుము ఒక మిల్లీగ్రాముకి తక్కువ. దానిమ్మలో అందులో సగం కూడా ఉండదు. పదహారు నుంచి పద్దెనిమిదేళ్ల అమ్మాయికి రోజుకి 32 మిల్లీగ్రాములు కావాలని మన పోషకాహార సంస్థే 2020లో చెప్పింది. అంటే బీట్‌రూట్ మీదే ఆధారపడితే రోజుకి నాలుగు కిలోలు తినాలి. దానిమ్మ ధర తెలిసినవాళ్లు ఆ లెక్క వేయనే వద్దు. బియ్యం సంగతీ అంతే: పాలిష్ పట్టిన వంద గ్రాముల బియ్యంలో ఒక మిల్లీగ్రాము కూడా లేదు. జొన్నల్లో, రాగుల్లో దానికి ఎన్నో రెట్లు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పేదల కడుపు నింపింది, దాన్ని తప్పుపట్టను. కానీ జొన్నరొట్టె, సంగటి, అంబలి కంచాల్లోంచి జారిపోయిన చోట వాటి బదులు ఏం రావాలో ఎవరూ ఆలోచించలేదు. 2025 ఉగాది నుంచి తెలంగాణలో రేషన్‌కు సన్నబియ్యం వచ్చాయి, జనం సంతోషించారు. ఆ బియ్యంతోపాటు కందిపప్పో పల్లీలో కూడా అంతే పట్టుదలగా ఇచ్చి ఉంటే నేనూ సంతోషించేవాణ్ణి.

అసలు మన ఇళ్లకు తెలియదనేదే తప్పు. పిల్ల పెద్దమనిషి అయితే కోస్తాలో చిమ్మిలి దంచి పెడతారు: నువ్వులు, బెల్లం. నువ్వుల్లో ఉన్నంత ఇనుము మన వంటింట్లో దొరికే వస్తువుల్లో కొద్దింటికే ఉంది. ఇదంతా ఏ సదస్సుకీ వెళ్లని అమ్మమ్మలకి తెలిసిన సంగతి. అయితే చిమ్మిలి ఆ కొద్దిరోజుల ముచ్చటే. పేరంటం అయ్యాక రోలు కడిగి బోర్లిస్తారు. నెలనెలా రక్తం పోవడం మాత్రం అప్పుడే మొదలవుతుంది. మామూలుగా ఒక నెలసరిలో ముప్పై, నలభై మిల్లీలీటర్ల రక్తం పోతుందనుకుంటే అందులో ఇనుము పదిహేను, ఇరవై మిల్లీగ్రాములు. ఎనభై మిల్లీలీటర్లు దాటితే దాన్ని అధిక రక్తస్రావం అంటారు. రజస్వల అయిన మొదటి రెండు మూడేళ్లలో ఇది చాలామంది పిల్లల్లో ఉంటుంది. ఆడపిల్లకి నేర్పాల్సిన పాఠం నిజంగా ఏదైనా ఉందంటే ఇదీ: ప్యాడ్ గంటకో రెండు గంటలకో మార్చాల్సి వస్తే, వారం దాటినా ఆగకపోతే, పెద్ద పెద్ద గడ్డలు పడుతుంటే అది మామూలు కాదు, డాక్టరుకి చెప్పాలి. ఈ పాఠం ఏ చార్టు మీదా ఉండదు. అది చెప్పాలంటే నెలసరి అనే మాట పైకి అనాలి గదా! బీట్‌రూట్ అయితే కలెక్టరు గారి ముందు కూడా ధైర్యంగా పట్టుకోవచ్చు.

ఇక నీలం మాత్ర దగ్గరికి వద్దాం. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్. ఆ ఫోలిక్ యాసిడ్‌ను 1945లో ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లే బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మనవాడని గర్వంగా చెప్పుకుంటాం. ఆ మందు ఎలా వేసుకోవాలో మన పిల్లకి మాత్రం చెప్పలేకపోయాం. చాలాచోట్ల జరిగేది ఇది: వరసలో నిలబెడతారు, మాత్ర చేతిలో పెడతారు, రిజిస్టరులో టిక్కు పడుతుంది. పరగడుపున మింగిన పిల్లకి కడుపులో తిప్పుతుంది, ఒకరికి వాంతి అయితే పక్కవాళ్లకీ భయం పట్టుకుంటుంది. మర్నాడు విరేచనం నల్లగా అవుతుంది. ఒక పిల్ల ఆ మాట నర్సమ్మ చెవిలో చెబుతుంది: "మేడం, దొడ్డికి వెళ్తే నల్లగా వస్తోంది, నాకేమైనా అవుతుందా?" అది మాత్రవల్ల వచ్చే రంగు, భయపడే పని లేదని ముందే ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆ పిల్ల వచ్చేవారం మాత్రను నాలుక కింద దాచుకుని బాత్రూం గోడ వెనక ఉమ్మేసేది కాదు. ఇనుము ఏ ఆకులో ఉందో పదిసార్లు చెప్పారు, ఈ ఒక్క ముక్క ఎవరూ చెప్పలేదు.

అంతకంటే పెద్ద లోపం ఇంకొకటి. వారానికో మాత్ర అనేది జబ్బు రాకుండా చూసే మోతాదు. జబ్బు వచ్చినవాళ్లకి అది సరిపోదు. రక్తంలో హిమోగ్లోబిన్ (హెచ్‌బీ) డెసిలీటరుకి 12 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత. 8కి పైన 12కి లోపు ఉన్న పిల్లకి రోజుకి రెండు మాత్రల చొప్పున మూడు నెలలు ఇవ్వాలని, నెల తిరిగేసరికి కనీసం ఒక గ్రాము పెరగకపోతే పెద్దాసుపత్రికి పంపాలని, 8కి తగ్గితే మొదటే పంపాలని మన ప్రభుత్వ మార్గదర్శకాలే చెబుతున్నాయి. తరగతిలో దాదాపు సగం మందికి ఇప్పటికే జబ్బు ఉన్నచోట నివారణ ఉపన్యాసం ఇవ్వడమేమిటి? వాళ్లకి కావలసింది సూది, కొలత, చీటీ, చికిత్స. నీ హెచ్‌బీ ఎంత అని పిల్లల్ని అడగండి. పదో తరగతిలో వచ్చిన మార్కులు దశాంశంతో సహా చెప్పే పిల్ల ఈ అంకె చెప్పలేదు. పరీక్ష చేసినచోట కూడా అది ఏఎన్ఎం రిజిస్టరులోనే ఉండిపోతుంది, పిల్ల చేతికి రాదు.

కారణాలు అందరికీ ఒకటే అనుకోవడం కూడా ఈ అవగాహన మతంలో భాగమే. ఆ సమగ్ర సర్వేలోనే కౌమారంలో ఉన్నవాళ్లలో 31 శాతం మందికి బీ12 లోపం కనబడింది. ఆకుకూరలు ఎంత తిన్నా బీ12 రాదు. అది గుడ్డులో, పాలలో, మాంసంలో ఉంటుంది. ఒట్టికాళ్లతో మడిలో దిగి నాట్లు వేసే ఇళ్ల పిల్లలకు కొంకిపురుగు పేగుల్లో కూర్చుని రక్తం పీలుస్తుంటే, ఏటా ఫిబ్రవరిలో, ఆగస్టులో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర అందిందా లేదా అన్నది తోటకూర కంటే ముఖ్యం. ఏజెన్సీలో సికిల్‌సెల్ ఉన్న పిల్లకి ఆకుకూర పాఠం చెప్పి పంపేయడం అయితే నేరంతో సమానం. అక్కడ ముందు జరగాల్సింది రక్త పరీక్ష.

ప్రతి ఉపన్యాసంలో తప్పక వచ్చే మరో మాట "కాబోయే తల్లులు". పదిహేనేళ్ల పిల్లకి రక్తం ఎందుకుండాలంటే రేపు బిడ్డను కనాలి గనకట! ఇవాళ మూడో అంతస్తు మెట్లెక్కితే ఆయాసం వస్తోందే, లెక్కల పీరియడ్‌లో తల వాలిపోతోందే, కబడ్డీ టీమ్‌లోంచి తప్పుకుందే, అదేదీ లెక్కలోకి రాదు. పక్క బెంచీ అబ్బాయిని ఎవరూ కాబోయే తండ్రీ అని పిలవరు. సరే, తల్లి కావడం గురించే అంత దిగులుంటే ఇంకో అంకె చూడాలి: ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయిందని అదే కుటుంబ సర్వే చెప్పింది. ఆ పెళ్లిళ్లు చేసింది ఆ పిల్లలు కారు. అవగాహన సదస్సు వాళ్ల నాన్నలకు ఎందుకు పెట్టలేదు?

బోధన వద్దనడం లేదు నేను. ఎవరికి, ఏమి అన్నదే పేచీ. గాయిటర్ సంగతి గుర్తుచేసుకుంటే తెలుస్తుంది. కొండప్రాంతాల జనానికి సముద్రపు చేపలు తినమని పాఠాలు చెప్పి మనం గొంతువాపును తగ్గించలేదు. ఉప్పులో అయోడిన్ కలిపాం. పేదవాడి పులుసులోకీ, పెద్దింటి పప్పులోకీ అడగకుండానే చేరింది. బియ్యంలో ఇనుము కలపడం కూడా ఆ దారిలో వేసిన అడుగే, దాని మంచిచెడ్డల మీద శాస్త్రవేత్తల్లో వాదన ఇంకా ఉంది. కానీ ఆ బియ్యం వచ్చిన తీరు చూడండి. బియ్యంలో కాస్త తేడాగా, నీళ్లలో తేలే గింజలు కనబడగానే ఊళ్లలో ప్లాస్టిక్ బియ్యం అన్నారు. చేటలో పోసుకుని ఒక్కో గింజ ఏరి పారేశారు. అవి ఇనుము, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపిన గింజలని, ఏరొద్దని, ఎక్కువ నీళ్లతో వండి గంజి వార్చొద్దని చెప్పాల్సింది ఎవరికి? బడిపిల్లకా, బియ్యం ఏరే చేతికా? బోధన నిజంగా అవసరమైన చోట మనం నోరు మెదపలేదు. అక్కర్లేని చోట ఊరేగింపులు తీశాం.

నాన్నల్ని కూర్చోబెట్టండి. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు తల్లిదండ్రుల సమావేశాలు పండగలా జరుగుతున్నాయి కదా, ప్రోగ్రెస్ కార్డుతోపాటు పిల్ల హెచ్‌బీ అంకె రాసిన చీటీ కూడా మూసిన కవరులో తండ్రి చేతికి ఇవ్వండి. 8.6 అని రాసి ఉంటే అర్థమేమిటో అక్కడే చెప్పండి. వారంలో నాలుగు గుడ్లకయ్యే ఖర్చూ, తన సిగరెట్ల ఖర్చూ ఆయనే పోల్చుకుంటాడు. నాయనమ్మలకు చెప్పండి, చిమ్మిలి పేరంటంతో ఆపొద్దని. వాళ్లు వింటారు, తమకు తెలిసిన విషయమే గనక. మధ్యాహ్న భోజనం వండే అక్కలకు చెప్పండి, ఆకుకూర పప్పు వండిన రోజు తలా ఒక నిమ్మచెక్క ఇవ్వమని. ఆ నిమ్మకాయల డబ్బు వాళ్ల బిల్లులో కలపమని పై అధికారికి చెప్పండి, ఎందుకంటే ఆ బిల్లు ఎప్పుడొస్తుందో తెలియక వాళ్లు అప్పుతో సరుకులు తెస్తున్నారు. కాలేజీ హాస్టళ్ల యజమానులకు చెప్పండి, తెల్లవారుజామున స్టడీ అవర్ పెట్టి ఎనిమిదిన్నర దాకా పిల్లకి టీ తప్ప ఏమీ ఇవ్వకపోతే ర్యాంకులు కూడా రావని. ఆ చివరి మాట వాళ్లకి బాగా ఎక్కుతుంది.

పిల్లకి మాత్రం తన చేతిలో ఉన్నవి నేర్పితే చాలు: తన అంకె తెలుసుకోవడం, నెలసరి ఎప్పుడు మామూలు కాదో గుర్తుపట్టడం, టీకీ భోజనానికీ మధ్య గంటైనా ఎడం ఉంచడం, మాత్రను పాలతోనో టీతోనో కాకుండా నీళ్లతో వేసుకోవడం. అన్నం తిన్నాకే మాత్ర ఇవ్వాలన్నది మార్గదర్శకాల్లో మొదటినుంచీ ఉన్నదే. ప్రార్థన దగ్గర వరసలో పరగడుపున పంచే మాత్రను మధ్యాహ్న భోజనం తర్వాతికి మార్చడానికి కొత్త పథకం అక్కర్లేదు, సదస్సు అంతకంటే అక్కర్లేదు. హెడ్మాస్టరు గారు ఆ డబ్బాను బీరువాలోంచి తీసే వేళ మారిస్తే సరిపోతుంది.